ముందు కంప, తర్వాత దోవ

నిన్న అమావాస్య. ఈ పొద్దున నా పని ఆగిపోయింది.

పెద్ద పనేం కాదు. గిద్దలూరులో కొత్తగా పెట్టిన ఒక రక్తపరీక్షల ల్యాబు మా సర్వర్లకు రిపోర్టులు పంపుకోవడానికి దోవ తీయాలి. ఫైల్లో నాలుగు వరుసలు రాయాలి, పంపాలి, ఇంకొకరు చూసి సరే అనాలి, అంతే. టీ చల్లారేలోపు అయిపోవాల్సిన పని. రాసి పంపాను. వెంటనే తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి, అదీ తెలుగులో.

"ఒక దోవ గడువు దాటింది. ఎవరికి తీసింది? ఎందుకు తీసింది? ఇంకా వస్తున్నారా?"

దాని కిందే ఆ దోవ ఎవరిదో ఉంది. కొమరోలు అవతల ఒక పల్లెలోని ఇల్లు. ఆ ఇల్లు నాతో కలిసి పనిచేసిన అన్నది. ఆ ప్రశ్న రాసి పెట్టిందీ ఆయనే. గడువు దాటిన దోవ ఒక్కటి ఉన్నా సరే, దాని సంగతి తేల్చేదాకా ఎవరి పనీ ముందుకు సాగనివ్వని చిన్న ప్రోగ్రాము అది. దాన్ని తిట్టుకోనివాళ్ళు మా ఆఫీసులో లేరు. నేనూ చాలాసార్లు తిట్టాను. ఈ పొద్దున తిట్టడానికి నోరు రాలేదు.

ఆయన పోయి ఇంకా నెల కాలేదు.

ఆ ప్రశ్నకు రెండే జవాబులు. గడువు పొడిగించాలి, లేదా ఆ దోవ మూసేయాలి. మూయనని ఆయన భార్యకు మాటిచ్చి వచ్చాను. మూయకపోతే ఆయన బతికినన్నాళ్ళూ పట్టిన పట్టు నా చేతుల్లోనే వదులైపోతుంది. టీ చల్లారింది. మేడ కింద మా అబ్బా, అదే మా నాన్న, పలకల దుకాణం తలుపులు తీసిన చప్పుడు వినిపించింది. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను.

మా పని సంగతి కొంచెం చెప్పాలి. మా కంపెనీ హైదరాబాదులో ఉంది. చిన్న ఊళ్ళలోని ల్యాబులకు సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. జనం రక్తం తాలూకు రిపోర్టులన్నీ క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్లలో ఉంటాయి. బయటినుంచి ఆ సర్వర్లలోకి ఎవరు రావచ్చో, ఏ తలుపు దాకా రావచ్చో తేల్చే కట్టడినే ఫైర్‌వాల్ అంటారు. ప్రతి ఇంటర్నెట్ లైనుకూ ఒక నంబరు ఉంటుంది. ఫలానా నంబరు రావచ్చని మేము కోడ్‌లో రాస్తే ఆ నంబరుకు దోవ ఉంటుంది. రాయకపోతే లేదు. వెబ్‌పేజీ తెరిచి చేత్తో మీట నొక్కి కూడా దోవ తీయవచ్చు. అది ఆయన దృష్టిలో దొంగపని. ఎవరైనా అట్లా తీస్తే, తర్వాత కోడ్ నడిచినప్పుడు ఫైల్లో లేని ఆ దోవ దానంతటదే మూసుకుపోయేట్టు కట్టాడు. మూసుకుపోయినవాళ్ళు లబోదిబోమంటూ ఫోన్ చేసేవాళ్ళు. ఆయన గొంతు పెంచేవాడు కాదు.

"రాసింది ఉంటాది. రాయంది పోతాది. నేనేం జేసేది?"

ఫైర్‌వాల్ అనే మాట ఆయన నోట నేను వినలేదు. కంప అనేవాడు. మా పక్క చేలకు ముళ్ళున్న చిల్లకంప నరికి చుట్టూ వేస్తారు. మనిషి పోవడానికి ఒకచోట సందు వదిలి, ఆ సందుకు ఒక విడి కంప అడ్డం పెడతారు. పోయేవాడు దాన్ని కర్రతో పక్కకు ఈడ్చి లోపలికి పోతాడు, మళ్ళీ ఈడ్చి పెడతాడు. అంతకు మించి ఈ పనిలో నేర్చుకోవాల్సింది లేదని ఆయన మతం. కొత్తగా ఒక సర్వర్ పెట్టామని చెప్తే చాలు, ఆయన మొదటి మాట ఒకటే: "కంప యేసినావా?" వేశామంటే రెండో మాట: "ముందు కంప, తర్వాత దోవ. దోవ ఎవురికి? ఎందుకు? ఎన్నాళ్ళకి?" మా పై అధికారి ఉత్తరాదివాడు. ఆయన కూడా కొన్నాళ్ళకు మీటింగుల్లో "కంపా డాలా క్యా?" అని అడిగే స్థితికి వచ్చాడు.

మూడు ప్రశ్నల్లో మూడోది ఆయనకు ప్రాణం. ప్రతి దోవకూ ఒక గడువు తేదీ రాయాల్సిందే, అదీ అమావాస్య నాటిదే. "అమావాస్యకి ఇంటికి దిష్టి తీస్తారా లేదా? ఫైలుకీ అంతే," అనేవాడు. మాది నెలవంక చూసే ఇల్లు. నెలవంక ఎప్పుడో చూసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు, ఈ ఉద్యోగంలో చేరాక అమావాస్య ఎప్పుడో చూసుకోవడం అలవాటైంది. "అన్నా, నీవల్ల నా క్యాలెండరు తలకిందులైంది," అంటే, "తలకిందులేముంది పాపా, నీదీ నాదీ ఒకటే చందమామ," అన్నాడు.

ఆయన నన్ను పాపా అని పిలిచేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. జుట్టుకు కొబ్బరినూనె పట్టించి పక్క పాపిడి తీసేవాడు. మీటింగులో కెమెరా పెట్టమంటే చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, ఓటరు కార్డు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చునేవాడు. అందరూ ఇళ్ళనుంచే పని చేసిన కాలంలో ఇద్దరం మా ఊళ్ళకు వచ్చేశాం. ఆయన పల్లెకు, నేను మార్కాపురానికి. తర్వాత వెనక్కి రమ్మన్నా పోలేదు. ఆయన ఇంటి నంబరూ, మా మేడ మీద నంబరూ ఫైల్లో ఒకదాని కింద ఒకటి ఉండేవి.

ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు అబ్బా ఆయనకు ఒక పలక ఇచ్చాడు, అంచుకు చెక్క చట్రం ఉన్నది. అప్పటినుంచి నంబర్ల లెక్కలన్నీ ఆయన ఆ పలక మీదే వేసేవాడు. ఫోన్లో మాట్లాడుతుంటే బలపం కీచుమనేది. హైదరాబాదువాళ్ళు "ఆ శబ్దం ఏంటి సార్, లైన్ ప్రాబ్లమా?" అని అడిగేవాళ్ళు. "లైను బాగానే ఉంది. నేనే గీస్తాన్నా," అనేవాడు. లెక్క తేలాక అరచేత్తో తుడిచేసి, ఆ చేతిని పంచెకు రాసుకునేవాడు. ఆయన పంచెకు కుడిపక్కన ఎప్పుడూ సుద్ద మరక ఉండేది.

సర్వర్ల దగ్గర ఇంత పీనాసి కదా, ఇంటి సంగతి వేరు. ఆ ఇంటి తలుపు మూసి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో కరెంటు పోతే ఆయన ఇంట్లో ఇన్వర్టరు ఉందని ఎవరెవరో వచ్చి ఫోన్లు చార్జింగు పెట్టుకునేవాళ్ళు. బోరు మోటారు చూడ్డానికి పోయేవాళ్ళు పొద్దున్నే లోపలికొచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, ఒక్క మాట మాట్లాడకుండా పోయేవాళ్ళు. ఆయన మీటింగులో ఉంటే వెనక ఒక మేక నడిచిపోయేది. దాన్ని చూసి అందరూ నవ్వితే, "అది మా పక్కింటోళ్ళది, దానికీ పర్మిషన్ ఉంది," అనేవాడు.

"నీ ఇంటికి నాలుగు సున్నాలు పెట్టినావేందన్నా?" అని ఒకరోజు ఎగతాళి చేశాను. నంబరు ఉండాల్సిన చోట నాలుగు సున్నాలు రాస్తే లోకంలో ఎవరైనా రావచ్చని అర్థం. ఆయన భాషలో అది ఊరుమ్మడి. అంతకంటే పెద్ద తిట్టు ఆయన దగ్గర లేదు.

నవ్వాడు. "ఇంటికి మనుషులొస్తారు పాపా. మొగం చూస్తే ఎవురో తెలుస్తాది. సర్వర్‌కి వచ్చేవానికి మొగం ఉండదు గదా."

కురిచేడు సంగతి చెప్పకపోతే ఆయన్ని గురించి చెప్పినట్టు కాదు. అక్కడ ఒక కొత్త ల్యాబు మాకు చేరింది. మొదటిరోజే రిపోర్టులు పోవడం లేదని గోల. చూస్తే ల్యాబాయన సెల్‌ఫోన్ నెట్ వాడుతున్నాడు, ఆ నంబరు గంటకోసారి మారుతోంది. పై అధికారి ఫోన్ చేసి, ఈ ఒక్కరోజుకు అందరికీ తెరిచి పెట్టండి, రేపు చూసుకుందాం అన్నాడు. ఆయన కుదరదన్నాడు. బస్సులో గిద్దలూరు వచ్చి రైలెక్కాడు. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆయనకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తీసి, విని, "సరే సార్, పోతాన్నాం," అని పెట్టేసేవాడు.

ల్యాబు ముందు జనం బల్లల మీద కూర్చుని ఉన్నారు. ల్యాబాయన మమ్మల్ని చూసి మండిపడ్డాడు.

"ఏందన్నా ఇది, ఎవురో ఒక సున్నా పెడితే అయిపోతాదంట గదా. పెట్టరాదా?"

"మీకు చేనుందా?"

"ఉండాది. శనగ యేసినా."

"ఈ పొద్దు ఒక్కరోజే, సందుకి కంప తీసిపెట్టి రా. రేపు పోయి చూద్దాం."

అప్పుడు బల్ల మీదినుంచి ఒక ముసలామె లేచి ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె కూతురి రక్తమో, కోడలి రక్తమో లోపల ఉంది. పల్లెకు చివరి ఆటో పోతుందేమోనని భయం.

"ఏం నాయనా, నువ్వేనంట గదా అడ్డం పెట్టినోడివి. మా రగతం మాకెప్పుడిస్తావు?"

ఆయన మొహం పాలిపోయింది. అట్లా నేను ఎప్పుడూ చూడలేదు. లోపలికి పోయి, మిషను చూపించే అంకెలన్నీ కాగితాల మీద చేత్తో రాసి ల్యాబాయనతో సంతకం పెట్టించి, ఒక్కొక్కరి పేరూ పిలిచి ఇచ్చాడు. అందరికీ టీ చెప్పించాడు. ఆ ముసలామెను ఆటో ఎక్కించి, ఆటో మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత కేబుల్ అతన్ని పట్టుకొచ్చి, మారని నంబరుండే లైను వేయించి, దాన్ని ఫైల్లో రాసి, మూడో అమావాస్యకు గడువు పెట్టాక గాని కదల్లేదు. నాలుగు సున్నాలు మాత్రం పెట్టలేదు.

తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎదురుగా పలకల గనుల తవ్వకం కుప్పలు పోతున్నాయి.

"ఆమె తిట్టింది గదా పాపా. న్యాయమే తిట్టింది," అన్నాడు. "మన పన్లో మేలు ఎవురికీ కనపడదు. ఏం జరగకపోతే అదే మేలు. జరగనిదాన్ని ఎవురికి జూపిస్తావు?"

నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఎవరి మీదో. దొంగ రానంతకాలం కాపలావాడు దండగమారివాడే అని మా అబ్బా అంటాడు. ఆ మాట చెప్పాను. ఆయన తలూపి, సంచిలోంచి పలక తీసి, ఏదో గీసి, అది నాకు చూపించకుండానే తుడిచేశాడు.

రెండేళ్ళ కిందట ఆయన పాదాలకు వాపు మొదలైంది. కిడ్నీలు. మా పక్క బోరునీళ్ళలో ఫ్లోరైడు సంగతి తెలిసిందే. నీళ్ళో, ఏళ్ళ తరబడి మింగిన నొప్పి మాత్రలో, ఏదో ఒకటి. ఆయన అంత ఆలోచించలేదు. డయాలసిస్‌కు రోజు విడిచి రోజు మార్కాపురం ఆసుపత్రికి వచ్చేవాడు. ఆయన భార్య, మా వదిన, తోడొచ్చేది. మా అమ్మీ క్యారియరు కట్టి ఇచ్చేది, ఉప్పు తక్కువ వేసి. ఉప్పు లేని పప్పును ఆయన మెచ్చుకుంటూ తినేవాడు. ఆ మెచ్చుకోలు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆసుపత్రికి పోయిన రోజుల్లో పని చేయలేకపోతున్నానని ఆయన బాధ. ఉద్యోగం పోతుందని కాదు, ఎవరూ తీసేస్తామనలేదు. తన ఫైలు తాను చూసుకోలేకపోతున్నానని. ఒకరోజు మంచం పక్కన కూర్చుని, "ఆసుపత్రి వైఫై నంబరు కూడా రాస్తానన్నా. ఈడినించే చూసుకోవచ్చు," అన్నాను.

"ఆ వైఫై ఎవురెవురు వాడతారు?"

"అందరూ."

"మరి?" అన్నాడు.

"నీకోసమే గదన్నా! ఎవరొస్తారు ఈడ, పాపం రోగులు."

"నాకోసమైతే మటుకు ఊరుమ్మడి కాదా పాపా?"

కోపంతో మొహం తిప్పుకున్నాను. ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద పెట్టి ఉంది. గొట్టాలు పెట్టడానికి ఆ చేతికి ఆపరేషన్ చేశారు, మోచేతి కింద నరం తాడులాగా ఉబ్బి ఉండేది. ఆయన దానివంక చూసి నవ్వాడు.

"చూడు, డాక్టరు నాకే దోవ తీసినాడు. ఎవురికంటే, మిషనుకి. ఎందుకంటే, రగతం కడిగేదానికి. ఎన్నాళ్ళకి సార్ అని అడిగినా. ఆయప్ప చెప్పలా."

వదిన లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. నేను ఆయన దుప్పటి సర్దాను.

ఆ రోజే ఆయన ఇంటి దోవ గడువు పొడిగించాల్సి వచ్చింది. తన దోవకు తాను సరే అనుకోకూడదు, ఇంకొకరు చూడాలి, అదీ ఆయన పెట్టిన కట్టుబాటే. ఎప్పుడూ మూడు అమావాస్యలకు పొడిగించేవాడు. ఇంటికి పోయాక తేదీ మార్చి నాకు పంపాడు. చూస్తే ఒక్క అమావాస్యే ఉంది. ఫోన్ చేశాను.

"తప్పు రాసినావన్నా. మూడు పెట్టాలి."

"తప్పు కాదులే. సరే అను."

"ఎప్పుడూ మూడు గదా?"

బలపం చప్పుడు ఆగింది. "గడువులో అబద్ధం రాయగూడదు పాపా," అన్నాడు. "సరే అను."

సరే అన్నాను. నా బతుకులో నొక్కిన మీటల్లో అంత బరువైనది ఇంకోటి లేదు.

ఆ అమావాస్య రాకముందే పోయాడు. పొద్దున బస్సుకు తయారవుతూ, చొక్కా పైగుండీ పెట్టుకుంటూ కూలిపోయాడట. పెద్దకర్మ రోజు నేనూ అబ్బా కొమరోలు దాకా బస్సులో పోయి, అక్కడినుంచి ఆటోలో పల్లెకు పోయాం. వీధి మలుపు తిరగ్గానే ఆ ఇల్లు కనిపించింది.

తలుపు మూసి ఉంది. తలుపుకు అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది.

ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదట. అట్లా పోతే మనుషులు ఇల్లు విడిచిపెట్టాలి, ఆరు నెలలు ఎవరూ గడప తొక్కకూడదు, దీపం పెట్టకూడదు. వాళ్ళ పెదనాయన పంచాంగం చూపించి, కావలసిన సామాన్లు ఆదరాబాదరాగా బయట పెట్టించి, తలుపు మూయించాడు. కర్మ అంతా ఎదురింటి పంచలోనే జరిగింది. వదిన అక్కడే ఒక మూల గోడకు ఆనుకుని, తన ఇంటివంకే చూస్తూ కూర్చుని ఉంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంది.

"మూసేదానికి గొళ్ళెం పడల్యా పాపా," అంది. "ఎప్పుడన్నా ఏసుంటే గదా. తుప్పు పట్టి బిగుసుకపోయింది. అందుకే అంత కంప యేసినారు. ఊరందరూ తిరిగిన ఇల్లు."

మేక ఒకటి వచ్చి కంప దగ్గర నిలబడి, మూతి చాచి, ముల్లు తగిలి వెనక్కి పోయింది. అది పక్కింటివాళ్ళదే అనుకుంటాను. నేను ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కాసేపటికి వదిన చెవి దగ్గరికి వంగి, "ఆ కిటికీలోంచి చూడు," అంది. కిటికీ రెక్క ఓరగా ఉంది. లోపల చీకట్లో ఒక పచ్చదీపం మినుకుమినుకుమంటోంది. ఆయన ఇంటర్నెట్ పెట్టె. సామాన్ల హడావిడిలో దాన్ని ఆపడం ఎవరికీ తట్టలేదు. తర్వాత ఆపుదామంటే లోపలికి పోకూడదు. పెదనాయన బయటి మెయిను ఆపుతానంటే వదిన ఒప్పుకోలేదట. దీపం పెట్టకూడదని కదా అన్నారు, అది దీపం కాదు అని వాదించిందట.

"ఆ లైటు ఎలుగుతాంటే మీ అన్న లోపల పన్లో ఉన్నట్టే ఉంటాది," అంది. "పాపా, మీ ఆఫీసులో ఆయన దోవ ఇంకా ఉండాదా?"

"ఉంది వదినా."

"నువ్వు మూయబాక. ఇల్లు తెరిచేదాకా ఉండనీ. ఈడా మూసి ఆడా మూస్తే ఆయనకింక యాడుంది?"

మేము ఫైల్లో దోవ మూసేసినంతమాత్రాన ఆ పచ్చదీపం ఆరదని చెప్పవచ్చు. రెండూ వేరు వేరని వివరించవచ్చు. ఆమె మొహం చూసి నేను అవేవీ చెప్పలేదు. మూయను వదినా, అని మాట ఇచ్చాను. అబ్బా నావంక చూశాడు.

ఇదీ సంగతి. ఈ పొద్దున ఆ ఎర్రటి అక్షరాల ముందు కూర్చుని ముందు గడువు పొడిగించడానికే చూశాను. వచ్చే అమావాస్య తేదీ రాశాను. ఎవరికి అన్న చోట ఆయన పేరు ఉంది. ఎందుకు అన్న చోట ఏం రాయాలి? ఇంటినుంచి పని చేయడానికి, అని ఆయనే రాసి పెట్టిన మాట ఉంది. దాన్ని అట్లాగే వదిలేస్తే చాలు, ఎవరూ అడగరు. హైదరాబాదులో దాన్ని చదివేవాళ్ళు కూడా లేరిప్పుడు. కంప వేసిన ఇల్లు, లోపల ఎవరూ లేని ఇల్లు, దానికి మా సర్వర్లలోకి తిన్నగా దోవ. రేపు ఎవడో కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ పెట్టెకు తీగ తగిలించినా మా సర్వర్ వాణ్ణి ఆయనే అనుకుంటుంది. ఎవరికీ మొహం ఉండదు కదా అక్కడ. కురిచేడులో ఆ ముసలామె చేత అంత మాట అనిపించుకుని కూడా తీయని దోవ, ఈ రోజు ఆయన పేరు మీదే నేను తీసి పెట్టినట్టవుతుంది.

తెర మళ్ళీ అడిగింది. ఇంకా వస్తున్నారా?

"రారన్నా," అన్నాను పైకే. తేదీ చెరిపేశాను. తర్వాత ఆయన ఇంటి వరుసలన్నీ చెరిపేశాను. మా మేడ నంబరు పైకి జరిగి ఒంటరిగా నిలబడింది. హైదరాబాదులో ఎవరో చూసి సరే అన్నారు, అది ఎవరి ఇల్లని కూడా అడగలేదు. కోడ్ నడిచింది. ఒకటి చేర్చాం, ఒకటి నాశనం చేశాం అని చూపించింది. నాశనం అన్న మాట మాది కాదు, ఆ యంత్రానిది, మార్చడానికి వీల్లేదు. గిద్దలూరు ల్యాబు రిపోర్టులు రావడం మొదలైంది.

చెప్పేయాలనే వదినకు ఫోన్ చేశాను. నిజం చెప్తే అర్థం చేసుకుంటుంది, ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి, అనుకున్నాను. ఫోన్ మోగుతుంటే మాటలు కూడా వరుసగా పెట్టుకున్నాను. ఆమె తీసింది. నాకు నోరు తెరిచే సందివ్వలేదు.

"నీకు నూరేళ్ళు పాపా. ఇప్పుడే ఆడికి పోయి చూసొచ్చినా. లైటు ఎలుగుతానే ఉండాది. రాత్రి గాలివానకి ఊరంతా కరెంటు పోయినా అది ఆరిపోలా," అంది. ఆమె గొంతులో ఎన్నాళ్ళకో కాస్త ఉత్సాహం వినిపించింది. తర్వాత కొంచెం తగ్గి అడిగింది. "దోవ మూయలా గదా?"

కింద అబ్బా పలకలు లెక్కబెట్టి కట్టలు కడుతున్నాడు. ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మూయలేదు వదినా," అన్నాను.